తిప్ప మీది ఇల్లు కోట కాదు

సోమశిల తీరంలో పర్యాటక పనులు చూస్తున్న అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిల రేవులో పడవ ఎక్కిన వాళ్లకు ఈ మధ్య ఒక కొత్త కథ వినిపిస్తోంది. శ్రీశైలం జలాశయం నీళ్ల నడుమ ఉన్న తిప్పల్లో ఒకదాని మీద నడుమెత్తు రాతిగోడలు, రెండు మామిడి చెట్లు, నీలం టార్పాలిన్ కప్పిన ఒక మూల కనిపిస్తాయి. పడవ నడిపే పిల్లగాడు ఇంజను కాస్త తగ్గించి, "అది రాజుల కోట. ఏడు వందల ఏండ్ల కిందటిది. లోపల్నుంచి శ్రీశైలం దాకా సొరంగం ఉంది" అని చెబుతాడు. జనం ఫోన్లు తీస్తారు. ఆ వీడియోలు తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తున్నాయి.

పిల్లగాడిని నేను తప్పు పట్టను. డబ్బులిచ్చి ఎక్కిన వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి కదా. నా టెన్షన్ అంతా మీరు పెట్టబోయే బోర్డు గురించి. కేంద్రం స్వదేశ్ దర్శన్ పర్యాటక పథకం కింద 2015-16లో సోమశిల, అక్కమహాదేవి గుహలు, ఫరహాబాద్, మల్లెలతీర్థం అన్నీ కలిపి ఎకో టూరిజం సర్క్యూట్‌కు 91.62 కోట్లు మంజూరయ్యాయి. 2024 నవంబరులో సోమశిల వెల్‌నెస్ అండ్ స్పిరిచువల్ రిట్రీట్ పేరుతో కేంద్రం ఇంకో 68.10 కోట్లు ఇచ్చింది. సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకు 2022లోనే వెయ్యీ ఎనభై కోట్లకు పైగా ఒప్పుకున్నారు. డబ్బు వచ్చింది, దారి వస్తోంది, జనం వస్తారు. జనం వచ్చే చోట ఎవరో ఒకరు బోర్డు పాతుతారు. దాని మీద రాజుల కోట అని ఒకసారి రాశాక, తీయించడం నావల్ల కాదు. అందుకే ముందుగా రాస్తున్నాను.

అది ఇల్లు. నేను నాలుగేళ్ల పిల్లనయ్యే దాకా అందులోనే ఉన్నాను. ఇప్పుడు కొల్లాపూర్‌లో మీసేవ సెంటర్ నడుపుకుంటున్నాను. మా పాత ఊరి పేరు ఈ లేఖలో కావాలనే రాయలేదు. పేరు చూస్తే గడ్డపారలు పట్టుకొని గుప్తనిధుల వాళ్లు తయారవుతారు, ఇప్పటికే ఒక గది నేల తవ్వి పోయారు. మీకు ఇచ్చిన అర్జీలో ఊరు, సర్వే నంబరు, పడవ దిగే చోటు అన్నీ ఉన్నాయి.

ముందు ఆ ఏడు వందల ఏళ్ల లెక్క తేల్చేస్తాను. ఆ ఇంటి తలవాకిటి దర్వాజ ఇప్పుడు తిప్ప మీద లేదు, మా చిన్నాయన ఇంటికి ఉంది. టేకు దర్వాజ, అంటే ద్వారబంధం. పై కమ్మి నడుమ తెలుగు అంకెలు చెక్కి ఉంటాయి, అటూ ఇటూ రెండు చిలకలు. ఎడమ చిలక ముక్కు ఊరు ఖాళీ చేసిన రోజు బండి మీది నుంచి దించేటప్పుడు విరిగింది. ఏటా పండుగకు పసుపు రాసీ రాసీ అంకెలు పూడిపోయాయి, తడిగుడ్డ పెట్టి తుడిస్తే గానీ కనిపించవు. తుడిస్తే 1318 అని ఉంటుంది. కుడి కమ్మి మీద మోకాలెత్తులో కత్తితో గీసిన గీతలు వరసగా ఉంటాయి, అవి మా అవ్వ పెట్టుకున్న పాల లెక్క. మా చిన్నాయన మనవడు ఆ అంకెల ఫొటో తీసి నెట్‌లో పెట్టాడు. ఎవరో చూసి 1318 అంటే కాకతీయుల కాలం అన్నారు. అక్కడి నుంచి కథ నడిచింది.

అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీలోనే ఉండేవి. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. రైతులు ఇప్పటికీ ప్రాణంలా చూసుకునే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే భూమి ఎవరిదో, అనుభవంలో ఎవరున్నారో రాసిన రికార్డు, ఫసలీ 1364 నాటిది, తీసివేత చేసి చూసుకోండి. మా దర్వాజ మీది 1318 అంటే 1908-09. హైదరాబాద్‌లో మూసీ పొంగిన ఏడాది, లేదా ఆ పక్క ఏడాది. నూట పదిహేనేళ్లు దాటిన ఇల్లు, అంతే. నా దృష్టిలో అదేం తక్కువ కాదు.

సొరంగం అంటున్నది జొన్నల పాతర. నడిమింట్లో, నేలలో, మనిషి దిగేంత నోరు పెట్టి లోపల కడవలా వెడల్పు చేసిన గొయ్యి. అడుగున, పక్కల జొన్న చొప్ప పరిచి, జొన్నలు పోసి, నోటికి బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్లు. తెరిచిన వెంటనే దిగకూడదు, లోపలి గాలికి మనిషి పడిపోతాడు. కాసేపు ఆగి, దీపం దించి చూసి, అది ఆరకుంటేనే దిగేవాళ్లు. గుప్తనిధుల వాళ్లు తవ్వింది దీన్నే. వాళ్లకు చొప్ప కూడా దొరికి ఉండదు.

ఇల్లు కట్టించింది మా ఊరి పోలీసు పటేలు కుటుంబం. అప్పుడు ఈ ప్రాంతమంతా జటప్రోలు సంస్థానం, కొల్లాపూర్‌లో రాజావారి బంగ్లా, వాళ్ల పైన నిజాం. ఊరు కింద నది ఒడ్డున ఉండేది, పటేలు ఇల్లు మాత్రం తిప్ప మీద. వరద భయం ఒక కారణం. రెండోది, రేవులో ఎవరు దిగుతున్నారో, ఎవరు ఎక్కుతున్నారో అరుగు మీద కూర్చుంటేనే కనిపిస్తుంది. అప్పట్లో అది ద్వీపం కాదు. పెద్ద వరద వచ్చినప్పుడు మాత్రం నదీ, పక్కనున్న వాగూ కలిసిపోయి ఒకట్రెండు రోజులు తిప్పను చుట్టేసేవి.

రాయి ఆ తిప్పదే, టేకు నల్లమలది. కింద నడుమెత్తు దాకా రాయి, పైన మట్టిగోడ, ఆ పైన దూలాలు పరిచి చౌడు మట్టి పోసిన మిద్దె. వెలుతురుకు నడుమ గవాచి. ఈ మాటలు రాస్తుంటే కట్టించిన వాళ్లే ముందుకు వస్తారు, నిజంగా కట్టిన వాళ్లు వెనక్కి పోతారు. ఆ రాళ్లు మోసిన వాళ్లలో మా ముత్తాత ఒకడు. కూలి లేదు, వెట్టి. ఇల్లు అయిపోయాక కూడా రేవు నుంచి తిప్ప మీదికి నీళ్ల కడవలు మోసే వంతు మా ఇంటి ఆడవాళ్లదే. కాబట్టి బోర్డు మీద "ఫలానా పటేలు గారి భవంతి" అని రాసినా నేను ఒప్పుకోను. అది సగం కథ, అందులోనూ తేలిక సగం.

1948కి వద్దాం. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, అప్పుడు కృష్ణే సరిహద్దు. ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు కర్నూలు జిల్లా, అంటే మద్రాసు రాష్ట్రం, అంటే ఇండియన్ యూనియన్. రజాకార్ల గొడవలు ముదిరినప్పుడు రాత్రిళ్లు పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవల్లో జనం దాటిపోయేవాళ్లు. మా రేవు నుంచి దాటిన వాళ్లను దాటించింది బెస్త కుటుంబం ఒకటి. తాత, ఇద్దరు కొడుకులు. చుట్ట కూడా వెలిగించకుండా, తెడ్డు చప్పుడు కాకుండా పుట్టి నడిపేవాళ్లని మా అవ్వ చెప్పేది. దాటాల్సిన వాళ్లు చీకటి పడే దాకా తిప్ప మీది ఇంట్లోనే కూర్చునేవాళ్లట, పటేలు పెద్దకోడలు వాళ్లకు గటక పెట్టేదట. పటేలుకు ఇది తెలుసా, తెలియనట్టు ఉన్నాడా అనేదాని మీద మా ఇంట్లో రెండు వాదాలు. మా తాత తెలుసనేవాడు. అవ్వ, "మగవాళ్లకు వంటింట్లో ఏం జరుగుతుందో ఎప్పుడు తెలిసింది?" అనేది.

చివరికి పటేలు కుటుంబమే ఒక రాత్రి దాటిపోయింది. సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయిపోయి నిజాం లొంగిపోయాక కూడా వాళ్లు తిరిగి వచ్చి కాపురం పెట్టలేదు. ఒక తమ్ముడు మాత్రం వచ్చి పశువులు, ధాన్యం అమ్ముకొని, "ఇల్లు చూసుకోండి" అని చెప్పి పోయాడు. కర్నూలులో స్థిరపడ్డారు. ఐదేళ్లకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, ఇంక వాళ్లకు మా తిప్పతో ఏం పని?

చూసుకోమన్నది ముగ్గురికి. పొలం కౌలుకు చేస్తున్న మా తాతకు, పుట్టి నడిపే బెస్తాయనకు, మూడో వాళ్లు ఒక ముస్లిం కుటుంబం. ఈ మూడో కుటుంబం గురించి ఎక్కడా రాయరు కాబట్టి నేను రాస్తాను. పోలీస్ యాక్షన్ తర్వాత చాలా చోట్ల ఏ పాపం తెలియని ముస్లింల మీద దాడులు జరిగాయి. ఆయన పక్క ఊళ్లో గిన్నెలకు కళాయి పోసుకునే మనిషి. భార్యను, చంటిపిల్లను తీసుకొని మా తిప్ప ఎక్కాడు. అంతకు కొన్ని నెలల ముందు రజాకార్లకు భయపడి దాక్కున్న వాళ్లు కూర్చున్న గదిలోనే, ఉత్తరం పక్క గదిలో, వీళ్లను కూర్చోబెట్టారు. కొన్ని రోజులే అనుకున్నారు. ముప్పై ఏళ్లు పైనే ఉన్నారు. మా నాయన ఆయన్ను మామ అనేవాడు, నేను ఆయన భార్యను నానీ అనేదాన్ని. బూడిద రాసి రుద్దిన ఇత్తడి చెంబులో తగరం కరిగి తెల్లగా పాకడం నాకు గుర్తుంది, ఆ నవాసారం వాసన కూడా.

అట్లా ఒక కప్పు కింద మూడు పొయ్యిలు. పండుగలకు ఒకరి వాకిట్లో ఒకరు, మామూలు రోజుల్లో కొట్లాటలు. మృగశిర కార్తె లోపు మిద్దె మీద చౌడు మట్టి కొత్తగా పోయాలి, లేకుంటే వానకు ఇల్లు కారుతుంది. మట్టి మూడిళ్లవాళ్లూ కలిసే మోసేవాళ్లు. ఎంత పోసినా మా గదికీ బెస్తవాళ్ల గదికీ నడుమనున్న దూలం దగ్గర కారేది. అది ఎవరి వైపు అని ఏటా పంచాయితీ. దూలం కింద పెట్టిన గిన్నె నిండితే పారబోయాల్సింది ఎవరు అనేదాని మీద ఒక ఏడాది మా అవ్వ, బెస్తామె శ్రావణమంతా మాట్లాడుకోలేదట. చివరికి నానీ ఆ గిన్నె తీసి కళాయి పోయించి, ఇక నుంచి ఇది నా గిన్నె, నేనే పారబోస్తా అందట. ఇంటి చరిత్ర రాయమంటే నేను ఇవే రాస్తాను. రాజులు మా ఇంటికి రాలేదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

1950 కౌలుదారీ చట్టం వచ్చాక మా తాతకు రక్షిత కౌలుదారుగా పేరు ఎక్కింది. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు కాలమ్‌లో పటేలు, అనుభవంలో మా తాత. ఆ నకలు నా దగ్గర ఉంది. తిప్ప ఉన్న నంబరుకు ఎదురుగా మాత్రం పోరంబోకు అని ఒక్క మాటే. ఇల్లు లేదు, మనుషులు లేరు, మూడు పొయ్యిలు అసలే లేవు. పహాణీ భూమి కోసం రాసింది, పంట, శిస్తు చూసుకుంటుంది. ఇంటిని పట్టించుకోదు. తర్వాత పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది, భూమి రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో దాని చోట భూభారతి వచ్చింది. ఎన్ని మారినా ఆ ఇల్లు దేంట్లోనూ ఎక్కలేదు, ఎందుకంటే అప్పటికే అది నీళ్ల నడుమ ఉంది.

ఆ ఇల్లు సర్కారు కాగితం మీదికి ఎక్కింది ఒక్కసారే, ముంపు పరిహారం లెక్క కట్టినప్పుడు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 885 అడుగుల మట్టానికి నీళ్లు నిలిపితే మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునుగుతాయని లెక్క తేలింది. తిప్ప నెత్తి మునగదు గానీ చుట్టూ నీళ్లు వచ్చి దారి ఉండదని దాన్నీ కలిపారు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద నోటీసులు వచ్చాయి. ఇంజనీరు ఒకాయన టేపు పట్టుకొని వచ్చి గోడలు, దూలాలు, తలుపులు, చెట్లు అన్నీ కొలిచి రాసుకున్నాడు. మా ఇంటి మామిడి చెట్లకు ఆయన ముందే కాత లెక్కపెట్టించిందట మా అవ్వ.

డబ్బు ఎవరికి వచ్చింది? పటేలు మనవడొకరు కర్నూలు నుంచి వచ్చి ఇంటి పరిహారం తీసుకున్నాడు, అందులో సగం మూడు కుటుంబాలకు పంచి, కళ్లనీళ్లు పెట్టుకొని పోయాడు. ఇది మా అవ్వ చెప్పే కథ. ఒక్క రూపాయి పంచలేదు, మా వాటా మీ తాతే మింగాడు. ఇది బెస్తవాళ్లు చెప్పే కథ. నలభై ఏళ్లకు పైగా ఈ మాట మీద రెండు ఇళ్ల మధ్య పెళ్లి పిలుపులు కూడా సరిగ్గా లేవు. తేల్చే కాగితం ఒక్కటే, పరిహారం ఎవరికెంతో రాసిన ఆ అవార్డు ఫైలు. దాని కోసం నేను ఒక ఆఫీసుకు అర్జీ పెట్టాను. జిల్లాలు విడిపోయినప్పుడు ఫైళ్లు ఇంకో చోటికి పోయాయన్నారు. ఆ ఇంకో చోట, మా దగ్గరికి రాలేదన్నారు. ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు, ఫైలు కావాలంటున్నాను.

1981లో ఖాళీ చేయించారు. దాని గురించి ఎంతో మంది రాశారు, నేను ఎక్కువ రాయను. దూలాలు కట్టెల రేటుకు అమ్ముకున్నాం, దర్వాజ బండి మీద తెచ్చుకున్నాం. ఇంటికో ఉద్యోగం అని 1986లో 98 నంబరు జీవో ఇచ్చారు. ఆ జీవో కాగితం నలిగిపోయేదాకా జేబులో పెట్టుకొని తిరిగిన వాళ్లలో మా నాయన ఒకడు. కళాయి మామ కుటుంబం హైదరాబాద్ పోయింది. బెస్తవాళ్లు నదిని వదలలేదు, కొత్త ఒడ్డున ఉన్నారు, చేపలు పడతారు.

అదే సమయంలో మీ సర్కారు ఒక మంచి పని కూడా చేసింది. మునిగిపోయే గుళ్లను విప్పి, రాయి రాయికీ నంబరు వేసి, పైకి తెచ్చి మళ్లీ కట్టింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపూర్‌లో లేచింది. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపూర్ వచ్చాడు, నేను వారం వారం పోయేది ఆ గుడికే. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి అట్లాగే దక్కింది. సోమశిల సోమేశ్వరుడు కూడా ఒడ్డుకు ఎక్కినవాడే. ఆ పని చేసిన శిల్పులకు, ఇంజనీర్లకు దండం పెడతాను. మా ఊరి గుడి విప్పే ముందు నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీశారని, కెమెరా ముందుకు పిల్లలు పోతే అదిలించారని మా నాయన చెప్పేవాడు. ఆ ఫొటోల్లో గుడి వెనక మా ఊరు ఉండాలి. ఊరి ఇళ్లకు ఎవరూ నంబరు వేయలేదు, నిజమే. గుడి ఫొటో అంచులోనైనా ఒక మిద్దె, ఒక అరుగు, ఒక పందిరి పడి ఉంటుంది. ఆ ఫొటోలు మాకు చూపించండి. ఏ గోడ ఎవరిదో వేలు పెట్టి చూపే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. 1981లో ఇరవై ఏళ్లున్న వాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి, ఆలస్యం చేస్తే వాళ్లూ ఉండరు.

ఇళ్లు వదిలిపెట్టాక కూడా తిప్ప మీద గోడలు చాలా కాలం నిలబడ్డాయి. వాటిని పడగొట్టింది 2009. అక్టోబరు మొదటి వారంలో వచ్చిన వరదకు శ్రీశైలంలో నీటి మట్టం 896 అడుగులు దాటింది, అంటే నిండు మట్టానికి పదకొండు అడుగులు పైన. కర్నూలు మునిగింది, అలంపూర్ మునిగింది. ఎప్పుడూ తడవని తిప్ప నెత్తి కూడా అప్పుడు తడిసింది. మట్టిగోడలు కరిగిపోయి కింద రాయి మాత్రం మిగిలింది. పడవలో పోయే వాళ్లు ఆ రాతిని చూసే కోట అనుకుంటున్నారు. మిద్దె ఇంటి పై సగం లేకపోతే అది అట్లాగే కనిపిస్తుంది మరి.

ఇక ఆ నీలం టార్పాలిన్. అది ఇప్పుడు ఉంటున్న వాళ్లది. విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చిన కుటుంబం. వాళ్లలాంటి వాళ్లు ఈ వెనుక జలాల పొడవునా గుడిసెలు వేసుకొని ఉన్నారు. వీళ్ల మీద మా వైపు వాళ్లకు కోపం ఉంది, నాకు తెలుసు. అలివి వలలతో చిన్న చేపలను కూడా ఊడ్చేస్తున్నారని బెస్తవాళ్లు, చెంచులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అది న్యాయమైన మాట. సన్న కన్నుల వలలు ఆపాల్సిందే, దళారులను పట్టాల్సిందే. కానీ తిప్ప మీది మనిషి వేరు, దళారి వేరు.

ఒక రోజు ఆ ఇంటామె తన బిడ్డను తీసుకొని నా సెంటరుకు వచ్చింది. పిల్లకు ఆధార్ కావాలి. అడ్రస్ ఏం రాయమంటావమ్మా అని అడిగాను.

"తిప్ప మీద పాత ఇల్లండి," అంది.

ఏ తిప్ప అన్నాను. రెండు మావిడి చెట్లున్న తిప్పండి, మా పిల్ల అక్కడే పుట్టిందండి అంది.

నేను కాసేపు కీబోర్డు మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాను. మా తాతకు, బెస్తాయనకు, కళాయి మామకు ఎవరికీ ఆ ఇల్లు కాగితం మీద చిరునామా కాలేదు. ఆ పిల్లకూ కాలేదు, ప్రూఫ్ లేనిది సాఫ్ట్‌వేర్ తీసుకోదు. సముద్రం ఒడ్డున వాళ్ల నాయనమ్మ ఇంటి అడ్రస్ తెప్పించుకొని పని నడిపించాం. వెళ్లేటప్పుడు ఆమెకు మా ఇల్లు అది అని చెప్పాను. భయపడింది, ఖాళీ చేయమంటాననుకొని. ఉత్తరం పక్క గది నేల చల్లగా ఉంటుంది, పిల్లను అక్కడ పడుకోబెట్టుకోమని చెప్పాను. అక్కడే పడుకోబెడుతున్నామండి అంది.

నన్నడిగితే ఆ ఇంటి కుటుంబాల లెక్కలో వీళ్లూ ఉన్నారు. మా చిన్నాయన ఒప్పుకోడు. వాళ్లు నిన్న మొన్న వచ్చిన వాళ్లు అంటాడు. కళాయి మామ వచ్చినప్పుడు కూడా ఊళ్లో కొందరు అదే మాట అన్నారని అవ్వ చెప్పేది కదా అంటే, మాట మారుస్తాడు.

నేను అడిగేవి పెద్దవేం కావు. శ్రీశైలం ముంపు ఊళ్ల అవార్డు ఫైళ్లు, ఇళ్ల విలువ కట్టిన రిజిస్టర్లు ఎక్కడెక్కడ ఉన్నా ఒక చోటికి తెచ్చి స్కాన్ చేయించి, ఊరి పేరు కొడితే కనిపించేలా పెట్టండి. భూమి రికార్డులకు చేసిన పనే ఇది, మీకు కొత్త కాదు. ఉర్దూలో ఉన్న పాత కాగితాలు చదివి పెట్టే పెద్దమనుషులు కొల్లాపూర్‌లో, వనపర్తిలో ఇంకా దొరుకుతారు. సోమశిల పనులకు వచ్చిన కోట్లతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. ఆ రిజిస్టర్లో మా తాత వాటా మింగాడని తేలితే తేలనివ్వండి, బెస్తవాళ్ల ఇంటికి పోయి చెప్పి వస్తాను.

తిప్ప మీద కాటేజీ కడతారని ఒక మాట తిరుగుతోంది. నిజమో కాదో మీరే చెప్పాలి. కట్టేటట్టయితే ఆ రాతి పునాది మీద కట్టకండి, తిప్పకు వేరే చోటుంది. పాతర నోటికి ఒక జాలీ పెట్టించండి, ఎవరైనా పిల్లలు పడతారు. అక్కడున్న కుటుంబాన్ని లేపాల్సి వస్తే చెప్పాపెట్టకుండా లేపకండి. 1981లో మమ్మల్ని లేపిన తీరు చాలు.

బోర్డు తప్పక పెడతామంటే దాని మీద రాయాల్సింది ఇది: "ఫసలీ 1318, అంటే 1908-09లో కట్టిన ఇల్లు. వెట్టి మనుషులు కట్టారు, పటేలు కుటుంబం ఉంది. 1948 తర్వాత కౌలు రైతు, పుట్టి నడిపే బెస్త, కళాయి పోసే ముస్లిం, ఈ మూడు కుటుంబాలు 1981 దాకా ఉన్నాయి. శ్రీశైలం జలాశయంతో ఇది ద్వీపమైంది. 2009 వరదలో మట్టిగోడలు పడిపోయాయి. ఇప్పుడు ఒక మత్స్యకార కుటుంబం ఉంటోంది." ఇంతే. పక్కన సొరంగం బొమ్మ వద్దు. పడవ పిల్లగాడికి కూడా ఇది ఒక కాగితం మీద రాసిచ్చాను. చదివి, "రాజులు లేరా అక్కా?" అని నిరాశపడ్డాడు. రాత్రిపూట సరిహద్దు దాటించిన పుట్టి కథ చెప్పు, డబ్బులు ఎక్కువే ఇస్తారు అన్నాను.

చూడటానికి వస్తే ఏప్రిల్, మే నెలల్లో రండి. అప్పుడు నీళ్లు దిగి పాత ఊరి దారి బయటపడుతుంది, తిప్ప దాకా నడిచే పోవచ్చు, బురద తక్కువ. జూలై దాటితే పడవే గతి. దర్వాజ మ్యూజియానికి కావాలని అడుగుతారేమో, అది మాత్రం ఇవ్వం. ఫొటోలు తీసుకోవచ్చు, కొలతలు తీసుకోవచ్చు. మధ్యాహ్నం మా చిన్నాయన ఆ వాకిట్లోనే మంచం వేసుకొని పడుకుంటాడు, నాలుగు దాటాక రండి.

ఇట్లు,
తిప్ప మీది ఇంటి మనవరాలు,
కొల్లాపూర్